నీడల పొర

ఎనిమిదో తరగతి, సి సెక్షన్.
ఏసీ హోరులో నా గొంతు సగమే వినిపిస్తుంది.
తెర మీద ముహర్రఖ్ ద్వీపం.
పూతరేకు మడత విప్పినట్టు
ఒక్కో పొరా తీసి పక్కన పెడుతున్నాను.
రోడ్లు తీశాను, ఇళ్ళు తీశాను.
నిరుటి ఉపగ్రహ చిత్రం అడుగున
ఎప్పుడో విమానంలోంచి తీసిన
నలుపు తెలుపు బొమ్మ.
ఇందులో తీరం ఎక్కడుందో గీయమన్నాను.

మెహ్‌జబీన్ వచ్చి మౌస్ పట్టుకుంది.
గీత వంకర్లు పోయి పోయి
మా బడిని బయటే వదిలేసి వెళ్ళిపోయింది.

"మేడమ్! మనం సముద్రంలో ఉన్నాం!"

క్లాసంతా గొల్లుమంది.
ఆఖరి బెంచీలో ఎల్దో ముక్కు మూసుకుని
గాల్లో ఈత కొట్టాడు.
నేనూ నవ్వాను గానీ,
ఆ పూటంతా వరండా గచ్చు మీద
చూసి చూసి అడుగేశాను.

నా చిన్నప్పటి భూగోళం
మేకుకు వేలాడే గుడ్డ పటం.
మడతల దగ్గర పీలికలై
వింధ్య పర్వతాలు దారాలుగా ఊగేవి.
మాస్టారి బెత్తం ఎక్కడ ఆనితే అక్కడ గోదావరి.
పేరు చెబితే చాలు, కూర్చోవచ్చు.

వీళ్ళని పేర్లు అడగలేదు. మీరే ఏదైనా అడగండన్నాను.
కాసేపు గోళ్ళు కొరికి
సుదీక్ష అంది:
"బస్సు కోసం నిలబడేచోట నీడ ఉందా?"

వారం రోజులు ఫోన్లు పట్టుకుని తిరిగారు.
గోడ వారన ఒక చుక్క, బేకరీ పందిరి కింద ఒకటి,
ఖర్జూరం చెట్టుకి సగం చుక్క వేయొచ్చా అని ఒక తగాదా.
మొత్తం నలభై మూడు.
ఒక్కో చుక్క చుట్టూ ముప్పై మీటర్ల వలయం గీస్తే
వీధుల మీద పచ్చ గాజులు ఆరబోసినట్టయింది.

సిలబస్ ఎందాకా వచ్చిందని
ప్రిన్సిపాల్ రెండుసార్లు అడిగారు.
నేలలు, రకాలు. ఇంకా మొదలే పెట్టలేదు.

పటం ముద్రించి, పదకొండో నంబరు బస్సులో
డ్రైవర్ వెనక అద్దానికి అతికించారు పిల్లలు.
గంగారాం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నది మేడమ్. గని
గిది పొద్దుగాల నీడ.
పగటీలి రెండింటికి గీ గోడ నీడ లోపలికి వోతది.
ఇంటోళ్ళ కారు మీద వడ్తది.
మన పోరగాండ్ల మీద గాదు."

నిజమే.
పిల్లలు చుక్కలు పెట్టింది
ఉదయం ఆరున్నరకి, బస్సెక్కే ముందు.

పట్టికలో కొత్త నిలువు వరస చేర్చాం: సమయం.
మళ్ళీ తిరిగారు, రెండు గంటల మే నెల ఎండలో,
తలకు నోటు పుస్తకాలు అడ్డం పెట్టుకుని.
నలభై మూడులో మిగిలినవి ఆరు.
అందులో ఒకటి చెత్తకుండీ పక్కన.

ఆధారం అనే గడిలో ఏం రాయాలన్నాడు ఎల్దో.
గంగారాం, మెట్‌పల్లి, బస్సు పదకొండు అని
సుదీక్షే కొట్టింది.
గంగారాం ఆ గడిలో తన పేరు చూసుకుని, ఏమీ అనలేదు.
వేలు మాత్రం పటం మీద మెల్లగా జరిపి
రెండు తీరాల మధ్య ఆపాడు,
పాత గీతకూ కొత్త గీతకూ నడుమ,
మా బడి ఉన్నచోట.

"నేనొచ్చిన కొత్తల గీడంత నీళ్ళే.
టిప్పర్ల ఇసుక తెచ్చి వోసినం.
రాత్రి పగలు వోసినం.
గప్పుడు గీడ నీడనే లేకుండె,
బండి కిందికి దూరి బువ్వ తినేది."

బస్సు నిశ్శబ్దమైంది.
మెహ్‌జబీన్ లాప్‌టాప్ తెరిచి అక్కడొక చుక్క పెట్టి
నా వైపు తిరిగింది.
"నీడ ఉందనా మేడమ్, లేదనా?"

నేను జవాబు వెతుక్కునేలోగా
గంగారాం అద్దంలో తలలు లెక్కపెట్టుకున్నాడు.
"ఇర్వై రెండు. ఒకరు తక్కువున్నరు. ఎవల్లు?"

చెత్తకుండీ పక్క నీడలోంచి
బూటు లేసు కట్టుకుంటూ
పరిగెత్తుకొస్తున్నాడు ఎల్దో.